పట్టేసిన బ్రేక్ పైపు నట్టు: మర దగ్గర ఒక తుప్పు, మెడ దగ్గర ఇంకో తుప్పు

పాత మారుతి 800 వెనక చక్రం ఊడదీసి డ్రమ్ము వెనకాల ప్లేటు వైపు నుంచి చూస్తే, వీల్ సిలిండర్‌లోకి, అంటే పెడల్ తొక్కినప్పుడు ద్రవం ఒత్తిడితో బ్రేకుని డ్రమ్ముకి అదిమే భాగంలోకి, దూరే సన్నటి ఇనప పైపు ఒకటి కనిపిస్తుంది, దాని చివర 10 ఎంఎం పానా పట్టే చిన్న నట్టు. కొత్తలో దానికి ఆరు పలకలూ పదునుగా ఉంటాయి. చెన్నై తిరువాన్మియూర్‌లోనో బెసంట్ నగర్‌లోనో ఇరవై ఏళ్ళు సముద్రపు గాలికి వీధిలోనే నిలబడ్డ బండిలో మాత్రం పలకలు కనబడవు, ఎర్రటి పొక్కులు కట్టిన చిన్న ముద్దలాగా ఉంటుంది, నట్టు ఎక్కడ ఆగి పైపు ఎక్కడ మొదలైందో గోటితో గీకితే గానీ తెలీదు. వీల్ సిలిండర్ కారుతోంది, మార్చాలి, అరగంట పని. ఆ ఒక్క నట్టు కదలకపోతే అదే అరగంట పని రెండు రోజులవుతుంది, పైపు తెగితే వెనక నుంచి ముందు దాకా లైను మొత్తం మార్చుకోవాల్సి రావచ్చు.

మారుతి 800 మొదటిసారి రోడ్డెక్కింది 1983 డిసెంబర్‌లో, తయారీ ఆగిపోయింది 2014 జనవరిలో. అంటే ఇప్పుడు తిరుగుతున్న వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్ళు దాటేశాయి, చాలా వాటికి 15 ఏళ్ళ ఆర్సీ అయిపోయి రెన్యువల్‌కి వెళ్ళాల్సిన వయసు. ఫిట్‌నెస్ చూపించాలి కాబట్టి ఎప్పుడూ ముట్టుకోని బ్రేకుల్ని అప్పుడు ముట్టుకుంటారు, ఫ్యాక్టరీలో బిగించిన నట్టు మీద మళ్ళీ పానా పడేది కూడా చాలా బళ్ళలో అప్పుడే. అందుకే ఈ గొడవ ఎక్కువగా ఇప్పుడు వస్తోంది.

అసలు విషయం ఏంటంటే, ఈ నట్టు ఒక్క చోట పట్టేయదు, రెండు చోట్ల పట్టేస్తుంది. ఒకటి మర దగ్గర, అంటే నట్టు బయటి మరలూ సిలిండర్ లోపలి మరలూ కలిసే చోట. ఇది అందరికీ తెలిసిందే. రెండోది మెడ దగ్గర. నట్టు మధ్యలో బెజ్జం ఉంటుంది, అందులోంచి పైపు వస్తుంది, కొత్తలో పైపు కదలకుండా నట్టు ఒక్కటే దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది, అలా తిరగాలి కూడా. కానీ పైపుకీ నట్టుకీ మధ్యనున్న ఆ వెంట్రుకవాసి సందులోకి నీళ్ళు దిగుతాయి, దిగిన నీళ్ళు బయటికి రావు, ఆరవు, అక్కడ మొదలైన తుప్పు ఇనుము కన్నా కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి సందు మొత్తం బిర్రుగా నిండిపోయి నట్టూ పైపూ ఒకే ముక్క అయిపోతాయి. అప్పుడు ఎంత మంచి పానా వేసినా, మర దగ్గర నట్టు హాయిగా వదిలేసినా సరే, నట్టుతో పాటు పైపు కూడా తిరుగుతుంది. పైపు మందం బయట నుంచి కొలిస్తే 4.75 ఎంఎం, గోడ మందం 0.7 ఎంఎం చిల్లర, అంతే. అది తాడు పేనినట్టు మెలి తిరిగి, అర చుట్టుకి ముడత పడి, ఇంకో పావు చుట్టుకి చటుక్కున తెగిపోతుంది. నట్టు వదులైందన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవదు.

ఈ రెండిట్లో ఏది పట్టిందో ముందే తెలుసుకోకుండా బలం పెట్టడమే పైపుల్ని చంపుతోంది. తెలుసుకోడం కూడా కష్టం కాదు. వైర్ బ్రష్‌తో నట్టునీ, దాని వెనక ఒక అంగుళం పైపునీ తెల్లగా మెరిసేదాకా రుద్ది, వైట్‌నర్ పెన్నుతోనో గోళ్ళ రంగుతోనో నట్టు మీద నుంచి పైపు మీదకి నిలువుగా ఒక గీత గియ్యాలి. నట్టు కదిలినప్పుడు గీత విరిగితే, అంటే నట్టు మీది గీత పక్కకి పోయి పైపు మీది గీత ఉన్నచోటే ఉంటే మెడ బాగుంది, ధైర్యంగా విప్పుకోవచ్చు. గీత విరగకుండా నట్టూ పైపూ కలిసి తిరుగుతుంటే మెడ పట్టేసింది, అక్కడే ఆగాలి. కారు కింద వెల్లకిలా పడుకుని, కంట్లో తుప్పు రాలుతుంటే, ఒక చేతిలో టార్చి పట్టుకుని చూసేటప్పుడు ఆ తెల్లగీత ఒక్కటే నమ్మకంగా కనిపించేది. కళ్ళజోడు పెట్టుకోవాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి, ఇవి వేరే చెప్పక్కర్లేదు గానీ చెప్పకుండా వదలడానికి మనసొప్పదు.

చెన్నైలో ఇది ఎందుకు ఇంత ఎక్కువ అంటే ఉప్పు. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, బ్రేక్ పైపుల తుప్పు గురించి బయట దొరికే వీడియోలూ సలహాలూ చాలావరకు ఆ దేశాల వాళ్ళవే. ఇక్కడ ఉప్పు గాల్లో వస్తుంది. రాయపురం, తిరువొత్తియూరు, ఎన్నూరు నుంచి ఇటు ఈసీఆర్ (తీరం వెంబడి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) దాకా రాత్రంతా బయట నిలబడిన బండి మీద పొద్దున చెయ్యి పెడితే జిగటగా తగులుతుందే, అదే కింద పైపుల మీద కూడా పేరుకుంటుంది, పైన అయితే వారానికోసారి గుడ్డతో తుడుస్తారు, కింద తుడిచేవాళ్ళు ఎవరూ ఉండరు. దీనికి తోడు వరద. 2015 డిసెంబర్‌లో వేళచ్చేరి, ముడిచ్చూరు వైపు చక్రాలు మునిగేదాకా రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయిన బళ్ళు ఎన్నో, 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానుకి మళ్ళీ అదే కథ. ఇంజన్‌లోకి నీళ్ళు పోయాయా లేదా అని అందరూ చూశారు, బ్రేక్ పైపుల్ని బాడీకి పట్టి ఉంచే క్లిప్పుల్లో ఇరుక్కున్న బురద సంగతి పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ బురద ఎండినా మళ్ళీ ప్రతి వానకీ తడిసి స్పాంజిలాగా పైపుకి అంటుకునే ఉంటుంది. అదే వయసు బండి కడప నుంచో అనంతపురం నుంచో వచ్చిందైతే నట్లు మామూలుగా వచ్చేస్తాయి, కాబట్టి బండి నంబరు చూసి కాదు, బండి ఎక్కడ నిలబడిందో అడిగి తెలుసుకుని పని మొదలుపెట్టడం మంచిది.

తుప్పు బయట నుంచే కాదు, లోపల నుంచి కూడా వస్తుంది, దీనికి కారణం మనం వాడే ఒక మాట అని కూడా అనొచ్చు. బ్రేక్ ఆయిల్ అంటాం, కానీ డాట్ 3, డాట్ 4 రకాలు ఆయిల్ కాదు, గ్లైకాల్ జాతి ద్రవాలు, గాల్లో తేమని పీల్చుకుంటూనే ఉంటాయి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క, తేమ పట్టాక అది 140కి దిగొచ్చు, డాట్ 4 అయితే 230 నుంచి 155కి. చెన్నై తేమలో రెండేళ్ళకోసారి మార్చాల్సింది పదేళ్ళు మార్చకపోతే పైపు లోపలా, సిలిండర్ లోపలా తుప్పు మొదలవుతుంది. ఆయిల్ అన్న ఆ మాట వల్ల ఇంకో పెద్ద ప్రమాదం ఉంది, పట్టేసిన నట్టు మీద పోసేది నిజంగా నూనె జాతిదే, ఆ నూనె ఒక్క చుక్క బ్రేక్ లైన్ లోపలికి పోతే మాస్టర్ సిలిండర్‌లోనూ (పెడల్ తొక్కితే ద్రవాన్ని పైపుల్లోకి నెట్టే భాగం) వీల్ సిలిండర్‌లోనూ ఉండే రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. ఆ రబ్బరు బ్రేక్ ద్రవాన్ని తట్టుకుంటుంది, ఖనిజ నూనెని తట్టుకోదు. కాబట్టి నట్టు బిగిసి ఉన్నంతసేపు ఎంతైనా పొయ్యి, వదులైన మరుక్షణం నూనె ఆపి, చుట్టూ శుభ్రంగా తుడిచి, ఆ తర్వాతే పూర్తిగా విప్పాలి.

ఇక పానా పట్టే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది, దేన్ని కాపాడాలి? పైపునా, నట్టునా, నట్టు దూరిన సిలిండర్‌నా? మూడింటినీ కాపాడాలని చూస్తే మూడూ పోతాయి. వీల్ సిలిండర్ ఎలాగూ మారుస్తున్నాం అనుకోండి, అప్పుడు దాని మరలు పోయినా బాధలేదు, అన్ని తంటాలూ సిలిండర్ మీద పడనిచ్చి పైపుని కాపాడుకోవాలి. పైపే పుచ్చిపోయిందనుకోండి, అప్పుడు పైపు మీద జాలి అక్కర్లేదు, మాస్టర్ సిలిండర్ మరలు దెబ్బతినకుండా చూసుకోవాలి. చెన్నైలో ఒక సౌకర్యం ఏంటంటే పాడిలో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా లాంటి సంస్థల వల్ల ఈ ఊరు అరవై ఏళ్ళుగా బ్రేక్ సామాన్లు తయారు చేస్తోంది, బండి విడిభాగాల దుకాణాలుండే జీపీ రోడ్డులో అడిగితే పాత మోడళ్ళకి కూడా కొత్త వీల్ సిలిండర్ దొరకడం కష్టం కాదు. దొరకని వస్తువు, లేదా దొరికినా వంపులన్నీ సరిచూసి అమర్చడానికి పూట పట్టే వస్తువు, పైపు. అది తెలిస్తే తెగింపు ఎక్కడ చూపించాలో తెలుస్తుంది.

పానా సంగతి. మామూలు ఓపెన్ స్పానర్ రెండు పలకల్ని మాత్రమే పట్టుకుంటుంది. ఈ నట్టు మెత్తటి ఉక్కు, పైగా మధ్యలో బెజ్జంతో గుల్లగా ఉంటుంది, రెండు పలకల మీద బలమంతా పడితే మూలలు నలిగి గుండ్రమైపోతాయి. రింగు స్పానర్ అయితే చుట్టూ పట్టుకుంటుంది గానీ పైపు అడ్డం కాబట్టి లోపలికి దూరదు. అందుకే రింగుకి పైపు దూరేంత సందు పెట్టిన ఫ్లేర్ నట్ స్పానర్ అని ఉంటుంది, అది అయిదు పలకల్ని పట్టుకుంటుంది. కొంతమంది మెకానిక్కులు పాత 10 నంబర్ రింగు స్పానర్‌ని గ్రైండర్‌తో కోసి సొంతంగా చేసుకుంటారు, గోడ దళసరిగా ఉన్న రింగయితే పర్లేదు, పల్చటిదయితే బలం పెట్టగానే నోరు తెరుచుకుని అదే నట్టుని పాడుచేస్తుంది. ఈ నట్టు బిగింపు నిజానికి ఎక్కువేం కాదు, 15 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, అంటే జానెడు పానా చివర ఆరేడు కిలోల బలం. దానికి రెండు మూడు రెట్లు పెట్టినా రాలేదంటే ఇక బలంతో వచ్చేది కాదని అర్థం, పానాకి గొట్టం తొడిగి పొడుగు చేసి లాగడం అంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

నంబర్ దగ్గర కూడా మోసపోతారు. అంబాసిడర్ లాంటి ఇంగ్లీషు వారసత్వం బళ్ళలో అంగుళాల లెక్క, 3/8 యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర) నట్టుకి సాధారణంగా 7/16 పానా పడుతుంది, అది 11.1 ఎంఎం. మారుతి లాంటి జపాన్ వారసత్వంలో ఎం10, అంటే మర బయటి మందం 10 ఎంఎం, మర అడుగు (ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం) 1 ఎంఎం. పాత బళ్ళ సామాన్లు అమ్మే పుదుపేటలో, పాత బండి నుంచి ఊడదీసిన పైపు కొనుక్కొచ్చినప్పుడు ఇది ప్రాణం మీదకొస్తుంది. ఎందుకంటే 3/8 నట్టు మందం 9.5 ఎంఎం, మర అడుగు 1.06 ఎంఎం దగ్గర, కాబట్టి అది ఎం10 బెజ్జంలోకి కొంచెం లూజుగా అయినా సరే దూరుతుంది, తిరుగుతుంది, బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. కానీ మరలు అంచుల మీదే పట్టుకుని ఉంటాయి. గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు లైన్లో 70 నుంచి 100 బార్ దాకా ఒత్తిడి వస్తుంది, కారు టైర్లో ఉండేది 2 బార్ చిల్లర అని గుర్తుపెట్టుకుంటే ఆ అంచులు ఎంత మోస్తున్నాయో ఊహించుకోవచ్చు. చేత్తో తిప్పినప్పుడు చివరి దాకా నున్నగా, లొడలొడలాడకుండా పోతేనే అది ఆ బెజ్జం నట్టు.

నూనె పోసి ఊరబెట్టడం గురించి. ఇక్కడి మెకానిక్కులు తమిళంలో "ఊర వై" అంటారు, మనం ఊరబెట్టు అంటాం, ఊరగాయలో ఉన్న ఊరే, రెండు భాషలకీ ఒకటే మాట. ఆ మాటలోనే పని పద్ధతి ఉంది, ఆవకాయ కలిపిన పూటే తినేస్తే ఎలా ఉంటుందో స్ప్రే కొట్టిన అయిదు నిమిషాలకే పానా వేస్తే అలాగే ఉంటుంది. డబ్ల్యూడీ-40 అందరి దగ్గరా ఉంటుంది, కానీ 1953లో దాన్ని తయారు చేసింది నీటిని తరిమేయడానికి, బిగిసిన మరల్లోకి దిగడానికని ప్రత్యేకంగా చేసిన రస్ట్ పెనెట్రెంట్ దొరికితే అదే నయం. రెండు చోట్లా పొయ్యాలి, నట్టు సిలిండర్‌లోకి దూరే అంచు దగ్గరా, పైపు నట్టులోంచి బయటికొచ్చే మెడ దగ్గరా. రెండోది మర్చిపోతారు, పైపుని చంపేది ఆ రెండోదే. సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేచాక ఒకసారి, ప్రతిసారీ చిన్న సుత్తితో నట్టు పలకల మీద టక్ టక్ మని చుట్టూ తట్టాలి. కొట్టడం కాదు, తట్టడం. ఆ అదురుకి తుప్పులో వెంట్రుకంత చీలికలు వస్తాయి, నూనె అందులోకి దిగుతుంది. కస్టమర్ పొద్దున బండి ఇచ్చి సాయంత్రానికి కావాలంటే ఈ పని కుదరదు, "నట్టు వస్తే వస్తుంది, పైపు పోతే నన్ను అనొద్దు సార్" అని మెకానిక్ ముందే చెప్పేస్తున్నాడంటే ఆయన తప్పించుకుంటున్నాడని కాదు, ఒక రాత్రి టైమ్ అడుగుతున్నాడని అర్థం చేసుకుని బండి వదిలి వెళ్ళడం ఇద్దరికీ మంచిది.

విప్పేటప్పుడు ముందు బిగించాలి. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇదే అసలు కిటుకు, ఒక వెంట్రుకవాసి బిగింపు వైపు నొక్కితే తుప్పు పొర విరుగుతుంది, చిన్నగా టిక్కుమని చప్పుడు వస్తుంది, చేతికి కూడా తెలుస్తుంది. ఆ తర్వాత విప్పే వైపు ఒక ఎనిమిదో వంతు, మళ్ళీ వెనక్కి బిగించి, అలా బిగిసి ఉన్నప్పుడే నూనె, మళ్ళీ ఎనిమిదో వంతు. గీత మీద చూపు ఉండాలి. మెడ పట్టేసి పైపు కూడా కదులుతుంటే ఆ కొద్ది కదలికలోనే అటూ ఇటూ, అటూ ఇటూ, ఓపిగ్గా పది నిమిషాలు ఆడించాలి, పైపు తట్టుకోగలిగేది ఆ కొద్ది మెలే, దాటితే తిరిగిరాదు. చాలాసార్లు ఈ ఆటలోనే మెడ వదిలేస్తుంది. గీత ఒక్కసారి విరిగిందంటే పని అయిపోయినట్టే.

మెడ అస్సలు వదలకపోతే ఇంకో దారి ఉంది, నట్టుని తిప్పకుండా ఎదుటి దాన్ని తిప్పడం. ముందు చక్రాల దగ్గర ఇనప పైపు రబ్బరు హోస్‌తో కలిసే చోట ఇది బాగా పనికొస్తుంది. అక్కడ బ్రాకెట్‌కి గుర్రపునాడా ఆకారంలో ఒక క్లిప్పు ఉంటుంది, దాన్ని లాగేసి, హోస్‌ని కాలిపర్ (ముందు చక్రం డిస్కుని పట్టే బ్రేకు భాగం) వైపు ముందే విప్పేసి, నట్టుని పానాతో కదలకుండా పట్టుకుని హోస్ చివరనే తిప్పేస్తే పైపుకి ఒక్క మెలి కూడా పడకుండా ఊడొస్తుంది. హోస్ ఎలాగూ కొత్తది వేస్తున్నట్టయితే దాన్ని కోసేసి తిప్పినా ఫర్లేదు. చాలామంది ఇక్కడే నట్టుతో గంటసేపు కుస్తీ పట్టి బ్రాకెట్ వంచేసి, చివరికి పైపుని కూడా పోగొట్టుకుంటారు. వీల్ సిలిండర్‌కి కూడా, లైనర్లు (డ్రమ్ముకి రాసుకునే బ్రేకు ముక్కలు) తీసేసి బోల్టులు విప్పాక తిరిగేంత జాగా ఉంటే ఇదే పద్ధతి.

నట్టు మూల ఒక్కసారి జారిందంటే మళ్ళీ అదే పానా వెయ్యకూడదు. మొదటి జారుడుకి పలకలు కొంచెం మిగిలి ఉంటాయి, మూడో జారుడుకి ఏం ఉండవు. మొదటిదానికే వైస్ గ్రిప్ (కరిచి పట్టుకుని లాక్ అయ్యే పట్టకారు) తీసుకుని, నట్టు మీద గట్టిగా కరిచేలా స్క్రూ సరిచేసుకుని, చప్పున లాగకుండా నెమ్మదిగా బలం పెంచాలి. పైపుని వదులుకోవచ్చని ముందే తేల్చుకుని ఉంటే మాత్రం ఇంత కష్టం అక్కర్లేదు, పైపుని నట్టు మొదలంటా కోసేసి ఆరు పలకల 10 నంబర్ సాకెట్‌ని నేరుగా నట్టు మీద దింపితే ఆరు పలకలూ దొరుకుతాయి, మొండి నట్లు కూడా ఎక్కువ భాగం అలా వచ్చేస్తాయి. కోసేముందు డ్రైవర్ సీటుకీ బ్రేక్ పెడల్‌కీ మధ్య ఒక కర్ర పెట్టి పెడల్‌ని అంగుళం రెండంగుళాలు నొక్కి ఉంచితే మాస్టర్ సిలిండర్‌లో పైనుంచి ద్రవం దిగే బెజ్జం మూసుకుపోతుంది, డబ్బా అంతా నేలపాలవకుండా ఉంటుంది. బ్రేక్ లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీగ విప్పాలి. కారిన ద్రవం రంగుని తినేస్తుంది, బాడీ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి.

వేడి పెట్టడం గురించి చాలామంది అడుగుతారు. వేడి పనిచేస్తుంది, నిజమే, నట్టు సాగి మళ్ళీ చల్లారేటప్పుడు తుప్పు బంధం తెగుతుంది. కానీ బ్రేక్ ద్రవం మండుతుంది, వీల్ సిలిండర్ లోపలి రబ్బరు ఆ వేడికి పనికిరాకుండా పోతుంది, అన్నిటికన్నా ముఖ్యం చాలా కార్లలో బ్రేక్ పైపు పక్కనే పెట్రోల్ పైపు కూడా వెళ్తుంది. ఓమ్నీ లాంటి బళ్ళలో వెనక గ్యాస్ సిలిండర్ కూడా ఉండొచ్చు. గ్యాస్ కట్టర్ పట్టుకొచ్చి కారు కింద మంట పెట్టడానికి ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు. క్లోరిన్ ఉండే బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకి ప్రాణాంతకం. మంట లేకుండా నట్టుని మాత్రమే వేడి చేసే ఇండక్షన్ హీటర్ ఉన్న పెద్ద వర్క్‌షాపులో అయితే, అదీ సిలిండర్ ఎలాగూ మార్చేస్తున్నప్పుడు, ఆలోచించొచ్చు. లేకపోతే పైపు కోసి కొత్తది వేసుకోడమే చవక.

పైపు కొత్తది వేసేటప్పుడు చేసే రెండు తప్పులు పట్టేసిన నట్టు కన్నా ప్రమాదం. ఒకటి, ఏసీకి వాడే మెత్తటి రాగి పైపు పెట్టేయడం. వంచడానికి తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు, అందుకే మోజు. కానీ ఉత్త రాగి అదురుకి గట్టిబడి పగులుతుంది. రాగిలో నికెల్ కలిపిన మిశ్రమం వేరే సంగతి, వోల్వో లాంటి కంపెనీలు దశాబ్దాల క్రితం నుంచే అది వాడాయి, దొరికితే సముద్రం పక్కన ఊళ్ళకి దాన్ని మించింది లేదు, దొరక్కపోతే కంపెనీ ఉక్కు పైపే వెయ్యాలి. రెండోది ఫ్లేర్, అంటే పైపు చివర గరాటాలాగా విచ్చే అంచు. ఏసీ మెకానిక్ దగ్గరుండే టూల్‌తో ఒక్క మడత ఫ్లేర్ వస్తుంది, బ్రేక్ పైపుకి కావాల్సింది అంచుని లోపలికి మడిచి మళ్ళీ విప్పిన డబుల్ ఫ్లేర్, కొన్ని బళ్ళకి బుడగలాంటి బబుల్ ఫ్లేర్. ఏ బెజ్జానికి ఏది ఉందో అదే పడాలి, ఒకదాని బదులు ఇంకోటి కూర్చోదు. ఒక్క మడత ఫ్లేర్ ఆ రోజుకి కారకపోవచ్చు, ఒక్క గోడే మోస్తోంది కాబట్టి తర్వాత ఎప్పుడో పగులుతుంది. తెగిన చోట మధ్యలో ఇత్తడి కంప్రెషన్ జాయింట్ పెట్టి అతికించడం బ్రేక్ లైన్లో అస్సలు కూడదు. అలాంటి అతుకు వేసిన మనిషి మీద కోపం వస్తుంది, కోపం రావాలి కూడా, ఆ కారులో పిల్లలు కూర్చుంటారు.

మళ్ళీ బిగించేటప్పుడు మెడ దగ్గర పైపు మీద సన్నగా బ్రేక్ గ్రీజు రాస్తే ఇరవై ఏళ్ళ తర్వాత ఈ నట్టు విప్పే మనిషికి ఈ బాధ ఉండదు. ఫ్లేర్ ముఖం మీదకి మాత్రం ఏమీ పోకూడదు. ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు తిరగాలి, చేత్తో పట్టకపోతే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, పానా ముట్టుకోకుండా మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. ఎయిర్ తీయడం (లైన్లో ఇరుక్కున్న గాలిని బయటికి పంపడం) ఏ చక్రంతో మొదలుపెట్టాలో బండి పుస్తకంలో ఉన్న వరసే పాటించాలి. ఎయిర్ తీసే నిప్పల్ కూడా ఇలాగే పట్టేసి ఉంటుంది, అది గుల్లది కాబట్టి ఇంకా తేలిగ్గా విరుగుతుంది, దాని బెజ్జంలో సరిపోయే డ్రిల్ బిట్టు వెనక కాడని దూర్చి విప్పితే నలగకుండా వస్తుంది. వీల్ సిలిండర్ మారుస్తుంటే కొత్తదాంతో నిప్పల్ కూడా వస్తుంది, ఆ గొడవే లేదు.

అన్నీ అయ్యాక ఇంజన్ ఆన్ చేసి ఒకరు పెడల్‌ని నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద నట్టు చుట్టూ తెల్లటి టిష్యూ పేపర్ చుట్టి చూడాలి. పేపర్ మీద చిన్న తడి మరక కనిపించినా ఇంకా బిగించాలని తొందరపడకూడదు, ఎక్కువ బిగిస్తే ఫ్లేర్ నలిగిపోతుంది. ఒకసారి వదులు చేసి మళ్ళీ బిగించి, రెండు మూడు సార్లు అలా చేస్తే ఫ్లేర్ దాని గాడిలో సర్దుకుంటుంది. మళ్ళీ కొత్త పేపర్, మళ్ళీ నిమిషం. పేపర్ పొడిగా వచ్చేదాకా బండి స్టాండ్ల మీద నుంచి దిగకూడదు, మర్నాడు పొద్దున రోడ్డెక్కే ముందు కూడా ఒకసారి వంగి ఆ నట్టు కింద చూడాలి.